ఏ వైపు నుంచి వచ్చింది?

ఈ వారం గోంగూర నిల్వ పచ్చడి గురించి రాస్తానని కిందటి వారం మాటిచ్చాను. క్షమించాలి, ఆ పచ్చడి వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఈలోగా మా ఇంట్లో జరిగిన ఒక విషయం మీతో చెప్పుకోవాలి. అందులో నా తప్పు కూడా ఉంది. చెప్పుకుంటే నా మనసు తేలికపడుతుంది, మీలో ఒకరిద్దరికైనా పనికొస్తుంది.

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బంగారంలాంటి పిల్ల. ఏడాది కిందట ఉన్నట్టుండి మాట తగ్గించేసింది. తిండి సహించదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, కాలేజీకి వెళ్ళనంటుంది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం. చివరికి మా వదినే ధైర్యం చేసి మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు. మూడు నెలలు తిరిగేసరికి పిల్ల మళ్ళీ జడ వేసుకుని గుమ్మంలో నిలబడి "అత్తా, పులిహోర చెయ్యవూ?" అని అడిగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. తెలిసినవాళ్ళెవరో చెప్పారని అన్నయ్య పిల్లకి జన్యు పరీక్ష చేయించాడు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపిస్తే చాలట. పధ్నాలుగు పేజీల రిపోర్టు వచ్చింది. అందులో ఒకచోట ఎర్రరంగులో "ఎమ్.టి.హెచ్.ఎఫ్.ఆర్. సి677టి, రెండు ప్రతులు" అని ఉంది. ఈ తేడా ఉన్నవాళ్ళకి ఫోలేట్ అనే విటమిన్ సరిగా ఒంటబట్టదనీ, దానికీ మానసిక వ్యాధులకీ సంబంధం ఉందనీ కింద రాశారు. అంతే, "అసలు కారణం దొరికింది! ఇన్నాళ్ళూ అనవసరంగా మందులు మింగించాం" అని డాక్టరు మందులు ఆపేసి, ఖరీదైన విటమిన్ మాత్రలు మొదలుపెట్టారు. డాక్టరమ్మకి ఒక్క మాట చెప్పలేదు.

ఇంట్లో ఇంకో రగడ మొదలైంది. మా అమ్మ "మా వంశంలో ఇలాంటివి లేవు. ఏ వైపు నుంచి వచ్చిందో మరి!" అంది. నేను ఊరుకోవచ్చుగా? "వదిన వాళ్ళ పిన్నికి కూడా ఏదో ఉండేదని విన్నానమ్మా" అన్నాను. వదిన అక్కడే కూర్చుని తోటకూర ఒలుస్తోంది. తలెత్తలేదు. కాడలు తుంచుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

మందులు ఆపిన అయిదో వారానికి పిల్ల మళ్ళీ మంచం పట్టింది. ఈసారి స్నానం కూడా మానేసింది. పరుగుపరుగున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అన్నయ్యా, వదినా, తోడుగా నేనూ. ఆవిడ కోప్పడలేదు. పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడారు, మందులు తిరిగి మొదలుపెట్టారు. తర్వాత రిపోర్టు తెరిచి మా ముగ్గురికీ ఓపిగ్గా చెప్పారు. ఆవిడ చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మన వంటింటి భాషలో రాస్తున్నాను.

ఆకులోంచి పుట్టిన పేరు

ఫోలేట్ అంటే బి9 విటమిన్. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనత గురించి పరిశోధించడం ఆవిడ పని. ఈస్టు నుంచి తీసిన చవకరకం ముద్ద తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఆ ముద్దలో ఉన్న గుణమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి రవ్వంత పదార్థం వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాటను బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి చూపించింది మాత్రం మనవాడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ స్ప్రూ జబ్బుకి కూడా అది మందయింది. తన ఇంటి దుఃఖానికి మందు కనిపెట్టాడాయన, కాకపోతే తమవాళ్ళకి అందలేదు. ఈసారి ఆ చిన్న మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.

రుబ్బురోలు కథ

మనం తిన్న ఆకుకూరలోని ఫోలేట్ ఒంట్లో ఉన్నదున్నట్టుగా పనికిరాదు. పప్పు నానబోసి, రుబ్బి, పులియబెడితే గానీ ఇడ్లీ కాదుగా, అలాగే దీన్ని కూడా మెట్టు మెట్టుగా మార్చుకోవాలి. చివరి మెట్టు దగ్గర రుబ్బురోలులాంటి ఎంజైము ఒకటుంటుంది. దాని పేరే ఎమ్.టి.హెచ్.ఎఫ్.ఆర్. అది తయారుచేసిన ఫోలేట్, బి12 విటమిన్‌తో జతకట్టి, హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని మెథియోనిన్‌గా మారుస్తుంది. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపడానికి వాడే రసాయనాల తయారీకీ, వాడాక వాటిని సర్దేయడానికీ ఈ వరుస పనులు అవసరం. ఫోలేట్‌కీ మనసుకీ ముడి పడేది ఇక్కడే.

ఆ రుబ్బురోలును ఎలా చెయ్యాలో రాసి ఉన్న కాగితమే జన్యువు. అందులో 677వ చోట కొందరికి "సి" అనే అక్షరం బదులు "టి" ఉంటుంది. ఈ తేడాను 1995లో గుర్తించారు. ఒక ప్రతిలో తేడా ఉంటే రోలు పని సుమారు 65 శాతానికీ, రెండు ప్రతుల్లోనూ ఉంటే 30 శాతానికీ తగ్గుతుందని ప్రయోగశాల లెక్క. వినగానే గుండె జారుతుంది కదూ! కానీ రోలు నెమ్మదిగా తిరిగినా పిండి రుబ్బుడవుతుంది. తిండిలో ఫోలేట్ సరిపోను ఉంటే ఆ రోలు నిలకడగానే పనిచేస్తుంది. రెండు ప్రతులూ ఉన్నవాళ్ళు అందరిలాగే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే, వాళ్ళ రక్తంలో ఫోలేట్ మిగతావాళ్ళకంటే సుమారు 16 శాతం మాత్రమే తక్కువ ఉంటుంది. ఫోలేట్ తక్కువ తినేవాళ్ళలోనే హోమోసిస్టీన్ పెరిగే బెడద ఎక్కువ. ఇంకో చిత్రం, ఈ రోలుకి పిడి బి2 విటమిన్. అది పాలల్లో, పెరుగులో, గుడ్లలో ఉంటుంది.

మరి పిచ్చి జన్యువా ఇది?

కాదు. ఈ మాట డాక్టరమ్మ రెండుసార్లు అన్నారు.

ఈ ఎంజైము దాదాపు పనిచేయని అరుదైన జబ్బు వేరే ఉంది. 1975లో అమెరికాలో అటువంటి ఒక అమ్మాయికి మతిభ్రమణ లక్షణాలుంటే, ఫోలిక్ యాసిడ్‌తో నెమ్మదించాయని వైద్య పత్రికలో వచ్చింది. అప్పటి నుంచే శాస్త్రవేత్తల చూపు ఇటు పడింది. రెండో ప్రపంచయుద్ధంలో 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంతో హాలండు పడమటి ప్రాంతం పస్తులు పడింది. ఆ కరువు ముదిరిన రోజుల్లో కడుపున పడ్డ పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా మామూలుకంటే రెట్టింపు కనిపించింది. వెన్నెముక లోపాలు కూడా పెరిగాయి. తల్లి తిండిలో ఫోలేట్ లోటు దీనికొక కారణం కావచ్చని అనుమానం.

ఇక మా పిల్లకున్నలాంటి మామూలు తేడా సంగతి. 2007లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే, పదిమందికి డిప్రెషన్ వచ్చేచోట ఈ రెండు ప్రతులున్నవాళ్ళలో పదమూడు మందికి వచ్చినట్టు తేలింది. అన్ని అధ్యయనాల్లోనూ అలా కనపడలేదు. నిజమే అనుకున్నా, ఈ తేడా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి డిప్రెషన్ రాదు. డిప్రెషన్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఈ తేడా ఉండదు. మనసు జబ్బుల వెనక చిన్న చిన్న జన్యువులు వందలకొద్దీ ఉంటాయి. వాటితోపాటు చిన్నప్పటి కష్టాలు, ఒత్తిడి, నిద్ర, ఇంట్లో వాతావరణం అన్నీ కలుస్తాయి. కూర చెడిపోతే తప్పంతా ఒక్క ఆవగింజ మీదికి తోస్తామా?

విటమిన్ ఇస్తే మేలు జరుగుతుందా అంటే, కొందరిలో కొంత. 2013లో అమెరికాలో 140 మంది స్కిజోఫ్రీనియా రోగులకి 16 వారాలపాటు ఫోలిక్ యాసిడ్, బి12 ఇచ్చి చూశారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. కొన్ని రకాల జన్యువులున్నవారిలో మాత్రం ఉదాసీనత, ముభావం కాస్త తగ్గాయి. ఇక్కడ మనం పట్టుకోవలసిన మాట ఒకటుంది. వాళ్ళంతా తమ మామూలు మందులు వేసుకుంటూనే ఉన్నారు. విటమిన్ ఇచ్చింది మందుకి తోడుగా, మందుకి బదులుగా కాదు. మేం చేసిన పొరపాటు సరిగ్గా అదే.

రెండో ప్రతి ఎవరిది?

అన్నీ విన్నాక మా అన్నయ్య మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఇది ఏ వైపు నుంచి వచ్చిందండీ?"

డాక్టరమ్మ నవ్వారు. "రెండు ప్రతులు అని రాసి ఉంది కదండీ. బిడ్డకి ప్రతి జన్యువూ రెండు ప్రతులు వస్తాయి. ఒకటి తల్లి ఇస్తుంది, ఇంకోటి తండ్రి ఇస్తాడు. రెండింట్లోనూ తేడా ఉందంటే ఒకటి ఆవిడది, ఒకటి మీది."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య ఇచ్చాడంటే మా అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర ఉన్నట్టే. అంటే నాలోనూ ఉండొచ్చు. నా పిల్లల్లోనూ ఉండొచ్చు. "మా వంశంలో లేవు" అన్న మాట ఇంకా మా ఇంటి గోడలకే అంటుకుని ఉంది!

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మాకొక మేనత్త ఉండేది. పెరట్లో గదిలో ఉండేది. చిన్నప్పుడు మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. పళ్ళెం గుమ్మంలో పెట్టి వచ్చేసేవాళ్ళు. ఆవిడ పోయాక ఇంట్లో ఎవరూ ఆవిడ పేరెత్తలేదు. వదిన వాళ్ళ పిన్ని గుర్తొచ్చిన నాకు, సొంత మేనత్త గుర్తు రాలేదు చూడండి. ఆవిడ జబ్బుకీ ఈ జన్యువుకీ సంబంధం ఉందని నేననడం లేదు. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఏ ఇంటి పెరడూ ఖాళీగా లేదని మాత్రం అంటున్నాను. పెళ్ళి సంబంధాలు చూసుకునేటప్పుడు "వాళ్ళింట్లో మతిస్థిమితం లేనివాళ్ళున్నారట" అని చెవులు కొరుక్కునే ముందు మన పెరటి తలుపు ఒకసారి తీసి చూసుకోవాలి.

ఇంటికొచ్చాక వదిన చెయ్యి పట్టుకుని "తప్పు మాట అన్నాను వదినా" అన్నాను. ఆవిడ "పోనిద్దూ" అంది. కాసేపాగి, "ఆ మాట పిల్ల కూడా వింది, దానికి కూడా ఒకసారి చెప్పు" అంది. చెప్పాను. "నావల్లే ఇంట్లో గొడవలనుకున్నాను అత్తా" అంది పిల్ల. ఆ ముక్క విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

గుర్తుంచుకోవలసినవి

• మనసు జబ్బుకి వాడే మందులు డాక్టరు చెప్పకుండా ఆపకండి. హఠాత్తుగా ఆపితే తలతిరగడం, వికారం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. జబ్బూ తిరగబెడుతుంది. విటమిన్ మాత్ర మొదలుపెట్టాలన్నా ముందు అడగండి.

• ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో సొంతంగా మింగకండి. ఒంట్లో బి12 లోటుంటే అది కప్పడిపోతుంది. రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. శాకాహారులకీ, పెద్దవయసువాళ్ళకీ లోటు ఎక్కువ. అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు కూడా బి12 లోటు లక్షణాలే. అత్తగారు చిరాకు పడుతున్నారని విసుక్కునే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

• గర్భం కోసం చూస్తున్న అమ్మాయిలు ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అప్పటికి నెల తప్పిన సంగతే చాలామందికి తెలియదు. ఇదివరకు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి ఎక్కువ మోతాదులో ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ రావడం నూటికి 70 పైగా తగ్గిందని 1991లో తేలింది. ఆ మోతాదు డాక్టరు చెప్పాలి.

• మూర్ఛకీ, మనసు జబ్బుకీ వాడే వాల్‌ప్రోయేట్ మాత్ర కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. పెళ్ళి కుదిరినప్పుడే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

• ఈ జన్యు పరీక్ష అందరికీ అవసరం లేదు. గర్భస్రావాలకి, రక్తం గడ్డలకి కారణం వెతకడానికి మామూలుగా దీన్ని చేయించవద్దని అమెరికాలోని జన్యు వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. ఆ డబ్బుతో నాలుగు నెలల ఆకుకూరలొస్తాయి.

• ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే, చచ్చిపోవాలనిపిస్తోందంటే దాచకండి. టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతోంది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మన వంటింట్లో ఫోలేట్

మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 220 మైక్రోగ్రాములు, గర్భిణికి 570 కావాలి. పాలకూర, తోటకూర, మెంతికూర, పెసలు, శనగలు, అలసందలు, వేరుశనగ, బెండకాయ, నారింజ, గుడ్డు వీటన్నిట్లో ఉంటుంది. గర్భిణులకి ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో కూడా 500 మైక్రోగ్రాములుంటుంది. ఆ మాత్ర పెరట్లోకి విసిరేసే కోడళ్ళూ, చూసీచూడనట్టు ఊరుకునే అత్తలూ కాస్త ఆలోచించాలి.

ఈ విటమిన్ నీళ్ళలో కరుగుతుంది, వేడికి పోతుంది. పాలకూర నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే సగం దాకా పోతుంది. కడిగాకే తరగాలి, తరిగాక కడగకూడదు. పొద్దున్నే తరిగి మధ్యాహ్నం వండకూడదు. ఇలా చేసి చూడండి.

తోటకూర పెసరపప్పు: పెసరపప్పు ఒక గ్లాసు, లేత తోటకూర రెండు కట్టలు, పచ్చిమిర్చి నాలుగు, పసుపు చిటికెడు, ఉప్పు తగినంత, నిమ్మకాయ ఒకటి. పోపుకి నూనె రెండు చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రేకలు, ఇంగువ. పప్పును దోరగా వేయించి, కడిగి, రెండు గ్లాసుల నీళ్ళు పోసి పలుకు లేకుండా ఉడికించాలి. అప్పుడు తరిగిన తోటకూర, పచ్చిమిర్చి, పసుపు వేసి మూతపెట్టి అయిదు నిమిషాలు మాత్రమే మగ్గనివ్వాలి. ఆకు పచ్చగానే ఉండాలి. ఉప్పు వేసి, పోపు పెట్టి, దించాక నిమ్మరసం పిండాలి. నీళ్ళు వంచే పనే లేదు. పక్కన గడ్డపెరుగు పెట్టుకుంటే బి2, బి12 కూడా కలిసొస్తాయి.

ఇది తింటే డిప్రెషన్ పోతుందని చెప్పను. అలా చెప్పేవాళ్ళని నమ్మొద్దనే ఇంత రాశాను. మందు డాక్టరమ్మ ఇస్తారు, పప్పు మనం పెడదాం, పిల్ల చెవిన పడే మాటలు జాగ్రత్తగా చూసుకుందాం.

మొన్న ఆదివారం మా వంటింట్లో తోటకూర ఒలవడానికి ముగ్గురం కూర్చున్నాం. అమ్మ కూడా వచ్చి చాట తన ముందుకు లాక్కుంది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక మనవరాలి వైపు చూసి, "మీ తాతయ్య చెల్లెలొకావిడ ఉండేది. పాటలు బాగా పాడేది" అంది. ఆ మేనత్త పాటలు పాడేదని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

వచ్చే వారం తప్పకుండా గోంగూర పచ్చడి.